ఫింకెన్‌బార్ట్ వంశం, అజైబా బ్రాంచ్

మొన్న సోమారం నుంచి మా ఆఫీసుల నన్ను శ్రీనివాస్ అని పిలిచేటోడు లేడు. "ఫేంకన్‌బాత్ సాబ్, చాయ్ తాగుతవా?" అంటున్నరు. ఎందుకో ఇనుర్రి. నడుమ నవ్వకుర్రి. నవ్వుతరు, నాకు తెలుసు, కానీ జెర ఆగి నవ్వుర్రి.

నాది జగిత్యాల దిక్కు. ఇక్కడ ఒమాన్ దేశంల, అజైబాల ఒక చేపల కంపెనీ ఆఫీసుల అడ్మిన్ పని. సముద్రం ఒడ్డుకున్న ఖురియాత్ ఊర్ల మా కోల్డ్ స్టోరేజ్ ఉన్నది. సముద్రంల పట్టిన చేపలు ఆడ గడ్డకట్టిచ్చి బయటి దేశాలకు పంపుతం. ఇంతవరకు దగ్గరి దేశాలకే పోయేటియి. ఇప్పుడు యూరప్ పంపాలని మా ఓనర్‌కు ఆశ పుట్టింది. మేం ఆయనను అర్బాబ్ అంటం. యూరప్ పోవాలంటే జర్మనీ నుంచి ఒక ఇన్‌స్పెక్టర్ మేడం వచ్చి, కోల్డ్ స్టోరేజ్ చూసి, సరే అనాలె. ఆమె కాదంటే కొత్త మిషిన్లకు పెట్టిన ఖర్చంత సముద్రంల పోసినట్టే.

మా మేనేజర్ గౌస్ భాయ్‌ది కడప. ఆయన నన్ను పిలిచి అన్నడు: "సీనూ, మేడం వచ్చినప్పుడు వెల్కమ్ నువ్వే చూసుకోవాల. అర్బాబ్ మర్యాదలంటే పడిచస్తాడు, తెల్సుగా. ఏందన్నా కొత్తగా చెయ్యి. ఆమె ఖుష్ అయిపోవాల."

"పేరేంది భాయ్?"

"కారిన్... ఫింకెన్... ఫేంకన్... ఏందోప్పా, ఫేంకన్‌బాత్!"

ఫేంకన్ బాత్ అంటే వాళ్ళ ఉర్దూ మాటల కోతలు కోసుడు. కాగితం గుంజుకోని చూసిన. కారిన్ ఫింకెన్‌బార్ట్.

ఇంటిపేరు కండ్లవడితే నాకు ఆగదు. అదొక రోగం. ఊరినుంచి కొత్తాయన మేమంత కలిసుండే రూమ్‌కు వచ్చిండనుకో, పాపం బ్యాగు కింద పెట్టకముందే అడుగుత: "ఇంటిపేరేందన్నా?" ఎందుకడుగుతరో మీకు తెలుసు, నాకు తెలుసు. ఆయన చెప్పంగనే నా మనసుల లెక్క తయారైతది. మనోడా, కాడా, పక్క మంచం ఇయ్యాల్నా, తలుపు కాడిది ఇయ్యాల్నా. దీనికి నేను పెట్టుకున్న పేరు జనరల్ నాలెడ్జ్.

గీ నాలెడ్జ్‌ను ఇప్పుడు జర్మనీ మీదికి తోలిన.

నెట్ల కొట్టి చూస్తే ఇంటిపేర్ల పుట్టుక చెప్పే సైట్లు ఎన్నో! ఏ పేరు ఏ దేశంల ఎంతమందికున్నదో మ్యాపులతోని సహా ఉన్నది. ఫింకెన్‌బార్ట్ అని కొట్టంగనే మ్యాప్ మొత్తం తెల్లగైంది. జర్మనీల ఒక మూలకు చిన్న చుక్క. అమెరికాల ఇంకోటి ఉన్నదా లేదా అన్నట్టున్నది. "అత్యంత అరుదైన ఇంటిపేరు" అని రాసిండ్రు. ఫింక్ అంటే ఒక చిన్న పిట్ట, బార్ట్ అంటే గడ్డం. పూర్వం ఒక వీరుడు టోపీకి పిట్ట ఈక పెట్టుకోని, గడ్డం ఊపుకుంట యుద్ధాలకు పోయేటోడట. ఆయన వంశమట ఇది. కింద ఒక సింహం, సింహం నెత్తి మీద పిట్ట, వాళ్ళ వంశ చిహ్నం. డబ్బులు కడితే ఫ్రేమ్ కట్టి పంపుతరట!

నాకు ఆనాడే డౌట్ రావాలె. పిట్ట ఈక పెట్టుకున్నోడి ఇంటికి సింహం ఎందుకొచ్చిందని. రాలే. బొమ్మ దించుకోని, రూవి బజార్ల ఒక ఫోటో స్టూడియోల పెద్ద సైజుల ప్రింట్ కొట్టిచ్చి, బంగారు రంగు ఫ్రేమ్ కట్టిచ్చిన.

ఇంతటితోని ఆగితే బాగుండు. ఆ సైట్‌లనే ఫింకెన్‌బార్ట్‌ల ఫ్యామిలీ గ్రూప్ ఒకటి కనవడ్డది. ఉన్నదే కొద్దిమంది కదా, అందరు అందులనే ఉన్నరు. పెండ్లి ఫోటోలు, కేకు ఫోటోలు పెట్టుకుంట. అండ్ల ఒక పెద్దావిడ మస్తు హుషారుగున్నది. తెల్ల జుట్టు, ముత్యాల దండ, ప్రతి ఫోటో కింద ఆమెదే మొదటి కామెంట్. పేరు హిల్డా. ఈమెనే వంశానికి పెద్దదిక్కు అనుకున్న. వెంటనే మెసేజ్ కొట్టిన, ట్రాన్స్‌లేటర్‌ల పెట్టి జర్మన్ల: "అమ్మా, మీ కారిన్ మేడం మా ఒమాన్‌కు వస్తున్నది. పెద్దవారిగా మీరు వీడియోల రెండు మాటలు చెప్తే మేడంకు సర్‌ప్రైజ్ ఇస్తం."

కొద్దిసేపటికి జవాబొచ్చింది. ట్రాన్స్‌లేటర్‌ల పెడితే ఒకటే లైను: "కుక్క కూడా వస్తున్నదా?"

ట్రాన్స్‌లేటర్ పిచ్చిగ చెప్పిందనుకున్న. మర్యాద పోవద్దని కొట్టిన: "అవునమ్మా, అందరికీ స్వాగతం!"

పొద్దుగూకక ముందే వీడియో వచ్చింది. ఆమె సోఫాల కూసోని, వేలు ఊపుకుంట, గుండె మీద చెయ్యి పెట్టుకోని, చివరికి కండ్లు తుడుచుకుంట జర్మన్ల మాట్లాడింది. ఎంత ప్రేమ! మాటలు నాకొక్కటి అర్థం కాలే. ట్రాన్స్‌లేటర్‌కు వినిపిద్దామా అనుకున్న, కానీ దీవెనలకు ట్రాన్స్‌లేషన్ ఏందని ఊకున్న.

సోమారం పొద్దుగాల మేడం వచ్చింది. పొట్టి జుట్టు, మోకాళ్ళ మీద జేబులున్న ప్యాంటు, భుజానికి బరువైన బ్యాగు. కాన్ఫరెన్స్ రూంల అర్బాబ్ తెల్లటి పొడుగు అంగీ దిష్‌దాషాల, నెత్తికి రుమాలు చుట్టుకోని, అత్తరు పూసుకోని కూసున్నడు. టేబుల్ మీద ఖర్జూరం, హల్వా, చిన్న గిన్నెలల్ల కహ్వా, అంటే అరబ్బు కాఫీ. గౌస్ భాయ్ నా చెవుల "షురూ చెయ్‌రా" అన్నడు.

నేను లేచి, నాకొచ్చిన ఇంగ్లీష్‌ల దంచిన.

"మేడం! ష్మిట్, మ్యూలర్ అనే పేర్లు జర్మనీల గల్లీకి పదిమందికుంటయ్. కంకర రాళ్ళ లెక్క. కానీ ఫింకెన్‌బార్ట్! ప్రపంచం మొత్తం ఏరితే ఒక పెండ్లి హాల్ నిండదు. పేరును బట్టే మనిషి తెలుస్తడు. వీరుల వంశం నుంచి వచ్చిన మీరు మా చేపలను చూసుడు మా అదృష్టం!"

అర్బాబ్ చప్పట్లు కొట్టిండు. మేడం కొట్టలే. ఫ్రేమ్ మీది బట్ట తీసి ఆమె ముందట పెట్టిన. సింహం, పిట్ట తళతళ మెరుస్తున్నయ్. ఆమె దానిదిక్కు చూసింది, నాదిక్కు చూసింది, కహ్వా గిన్నె కింద పెట్టింది. మాటలు రానంత ఆనందమనుకున్న.

"ఇంకా ఉన్నది మేడం!" అని టీవీ ఆన్ చేసిన.

టీవీల హిల్డమ్మ వచ్చింది. ఆఫీస్ గోడంత మొఖం. మేడం కుర్చీల ఎనుకకు జరిగింది. హిల్డమ్మ వేలు ఊపుతున్నది, గొంతు పెంచుతున్నది. గౌస్ భాయ్ తలకాయ ఊపుతున్నడు. ఆమె కండ్లు తుడుచుకునేసరికి అర్బాబ్‌కు సుత కండ్లల్ల నీళ్ళు తిరిగినయ్. ఆయన వాళ్ళమ్మను తల్చుకుంటున్నట్టున్నడు.

"మాషా అల్లా," అన్నడు. "బహుత్ అచ్ఛా మా. సీనూ, ఫిర్ సే చలావ్!"

మల్లొకసారి పెట్టిన.

రెండోసారి అయిపోయినంక మేడం మెల్లగ అడిగింది: "ఈమె ఏం చెప్పిందో మీకు తెలుసా?"

"దీవెనలు మేడం."

"ఈమె మా అత్త. కాదు, అత్తగా ఉండేది. ఆమె కొడుకుతోని నాకు విడాకులైనయ్. నా కుక్కను దొంగతనంగ ఎత్తుకపోయినవ్ అంటున్నది. ఇప్పుడు దాన్ని అరబ్బు ఎడారికి తీస్కపోయి ఎండల చంపుతున్నవ్ అంటున్నది. రాక్షసి అన్నది. ఆ మాట మూడుచోట్ల అన్నది. నాకు ఒకటి అర్థమైతలేదు. కుక్క ఒమాన్ వచ్చిందని ఆమెకు ఎవరు చెప్పిండ్రు?"

ఎవరు చెప్పిండ్రో నాకు తెలుసు. నేను హల్వా దిక్కు చూసిన.

అర్బాబ్‌కు ఇంగ్లీష్ తక్కువ. "క్యా బోలా?" అని గౌస్ భాయ్‌ని అడిగిండు. గౌస్ భాయ్ చెమట తుడుచుకోని, "మా కుత్తే కో సలాం బోలీ, అర్బాబ్," అన్నడు. అర్బాబ్ మస్తు ఖుషీ అయిండు. కుక్కకు సుత సలాం చెప్పే తల్లి అని.

మేడం ఆగలే. ఫ్రేమ్‌ను వేలుతోని తట్టింది.

"ఈ సింహం ఏడికెల్లి తెచ్చినవ్? వీళ్ళ ముత్తాతల ముత్తాత పిట్టలు పట్టి సంతల అమ్మెటోడు. గడ్డం దువ్వుకునేటోడు కాదు. నీ గడ్డంల పిట్టలు గూడు పెడతయ్ అని ఊరోళ్ళు ఎక్కిరిచ్చి పెట్టిన పేరు అది. ఆ ఇంట్ల ఉన్నన్ని దినాలు గొప్ప పేరు, అరుదైన పేరు అని వాళ్ళు చెప్తాంటే విన్న. ఇగ వినద్దని ఇంత దూరం వచ్చిన."

"సారీ మేడం... మరి మీ పుట్టింటి పేరు?"

అడగద్దుండె. చెప్పిన కదా, రోగం.

"మ్యూలర్," అన్నది. "పిండి గిర్ని నడిపేటోళ్ళు. వచ్చే నెల నుంచి నేను మల్ల మ్యూలర్. ఏమన్నవ్? కంకర రాళ్ళన్నవ్ కదా?"

నేను నిలబడ్డకాన్నే చిన్నగైన. ఆమె కహ్వా గిన్నె మల్ల తీసుకోని, మామూలుగ అడిగింది: "పేరును బట్టి మనిషి ఎట్ల తెలుస్తడో నాకు చెప్పు. నిజంగ తెలుసుకుందామని అడుగుతున్న. పేరు వినంగనే మీరు ఏం తెలుసుకుంటరు?"

నేను ఖర్జూరం పళ్ళెం ఆమె దిక్కు జరిపిన. మంచాల లెక్క ఆమెకు ఏమని చెప్పాలె?

తెల్లారి ఖురియాత్ పోయినం. తొవ్వ మొత్తం గౌస్ భాయ్ నాతోని మాట్లాడలే. ఒక్కసారే అన్నడు: "మాలో కూడా సయ్యద్ అని, పఠాన్ అని గొప్పలు పోయేవాళ్ళు ఉండారు సీనూ. ఆ ఫ్రీజర్లో గంటసేపు నిలబెడితే అందురూ ఒకే మాదిరి వణుకుతారు."

ఊకె అన్నడనుకున్న. మేడం ఆ మాట విన్నట్టే చేసింది. "లోపట టార్చ్ పట్టుకునేటోడు కావాలె, అతను రావాలె," అని నన్ను చూపెట్టింది. ప్రతి మూల, ప్రతి డబ్బా, తలుపుల రబ్బరు, నేల, పైకప్పు. ఆమెకు మందపు కోటు ఉన్నది. నాకిచ్చిన కోటుకు జిప్ పనిచెయ్యదు. చేపలు, నేను ఒక్కతీరుగ గడ్డకట్టినం. నడుమ నడుమ ఆమె, "టార్చ్ ఊపకు," అంటది. నేను ఊపుతలేను, వణుకుతున్న!

బయటికొచ్చినంక చెప్పింది: "ఒక తలుపు రబ్బరు మార్చుర్రి. మిగతాదంత సరిగున్నది. పాస్."

గౌస్ భాయ్ నన్ను కౌగిలించుకున్నడు. కోపం పోయిందేమో అనుకున్న, కాదు, చలికి నీలంగైన నన్ను ఎండల నిలబెట్టనీకి పట్టుకున్నడట. నేను మేడంకు దండం పెట్టిన. "నిన్నటి సంగతి మనసుల పెట్టుకోలేదు, మస్తు థాంక్స్ మేడం," అన్న.

"పెట్టుకున్న," అన్నది. "కానీ చేపల తప్పు లేదు కదా. నువ్వు ఒక పని చెయ్యాలె. కుక్క మా పక్కింట్ల చల్లగ పడుకోని ఉన్నది. ఈ సంగతి మా అత్తకు నువ్వే చెప్పు. నేను చెప్తే నమ్మది. నువ్వంటే ఆమెకు మంచి అభిప్రాయం ఉన్నట్టున్నది."

సముద్రం ఒడ్డుకు నిలబడి హిల్డమ్మకు వీడియో కాల్ చేసిన. ట్రాన్స్‌లేటర్‌ల చదువుకుంట, "కుక్క జర్మనీలనే ఉన్నదమ్మా. నాదే తప్పు," అని చెప్పిన. నమ్మలే. ఫోన్ చుట్టూ తిప్పి చూపియ్యమన్నది. తిప్పిన. నా ఖర్మకు అదే టైంకు ఒడ్డున ఒక వీధికుక్క చేపముక్క కోసం ఉరుక్కుంట వచ్చింది. హిల్డమ్మ ఒక్క కేక పెట్టింది. ఇది వేరే కుక్క అని, దీని తోక వేరే, రంగు వేరే అని, దాని ఎనుక ఉరికి దగ్గరకెళ్ళి చూపిచ్చి ఒప్పియ్యనీకి చెమటలు కారినయ్. పడవల కాడున్నోళ్ళు వలలు బాగు చేసుడు ఆపి నన్నే చూస్తున్నరు.

మేడం ఎల్లిపోయింది. ఫ్రేమ్ తీస్కపోలే. అర్బాబ్‌కు సింహం నచ్చి తన రూంల తలిగేసుకున్నడు. అది పిట్టల గడ్డపోడి బొమ్మ అని ఆయనకు చెప్పే ధైర్యం కంపెనీల ఎవనికి లేదు.

హిల్డమ్మ మాత్రం నన్ను ఇడుస్తలేదు. పొద్దున లేవంగనే ఆమె పంపిన పువ్వుల బొమ్మ, గుడ్ మార్నింగ్. ఆదివారం వాళ్ళ తాత ఫోటో పంపింది, మా వంశం గురించి నీకున్నంత తెలివి మావోళ్ళకే లేదు, గడ్డం చూడుమని. నిన్న మెసేజ్ వచ్చింది: మా అబ్బాయి ఒంటరిగున్నడు, మీ దిక్కు మంచి సంబంధాలు ఉంటే చెప్పు, పిల్లకు కుక్కలంటే ఇష్టం ఉండద్దు. జగిత్యాలల ఉన్న మా ఆమెకు ఫోన్ల చదివి వినిపిస్తే, "నీకు సిగ్గున్నదా, ముందుగాల ఆ ముసలామెను బ్లాక్ చెయ్యి," అన్నది. గౌస్ భాయ్ సుత బ్లాక్ చెయ్యమనే అంటున్నడు.

ఎట్ల చేస్తనయ్యా? ఇన్నేండ్లల్ల నా జనరల్ నాలెడ్జ్‌ను మెచ్చుకున్న మనిషి ప్రపంచం మొత్తంల ఆమె ఒక్కతే!