దేవదానం అన్నం తినేదాకా

మట్టపల్లి నరసింహస్వామి మీద ఒట్టు, మా ఆవిడ సుగుణ చేతి చింతపండు పులుసు మీద ఒట్టు, ఇందులో ప్రతి అక్షరం నిజం. నేను నోరు తెరిస్తే అందులో సగం కోతలేనని మిర్యాలగూడ మిల్లుల్లో ఒక అపవాదు ఉంది. నమ్మకండి. సగం అనేది బాగా పెంచి చెప్పిన మాట.

బుద్ధి స్థిరపడాల్సిన నలభై ఏళ్ల వయసులో, బియ్యం దలాల్‌గా బతుకుతున్న నేను, నా నోటితో నేనే అన్నానికి తాళం వేసుకున్న ఘోరం ఇది. తాళం వేసి ఊరుకున్నానా? తాళంచెవి తీసుకెళ్లి సూర్యాపేటలో ఉన్న ఇంకొకడి జేబులో వేశాను. వాడు దాన్ని ఎంత భద్రంగా దాచాడో తల్చుకుంటే ఇప్పటికీ నాకు పళ్లు కొరకాలనిపిస్తుంది.

ఆ ఇంకొకడు దేవదానం. కోదాడవాడు. ఇంటర్‌లో ఒకే బెంచీ, ఒకే టిఫిన్ డబ్బా. నాకు తోచింది నేను చెబుతాను, వాడు విని “ఇందులో ఎంత తగ్గించుకోవాలి?” అని అడుగుతాడు. పాతికేళ్లుగా మా స్నేహం ఈ పద్ధతిలోనే నడుస్తోంది. వాడు సూర్యాపేటలో లెక్కల మాస్టారు, ఆదివారం తప్పకుండా ఆరాధనకు వెళ్లే మనిషి. నేను పరీక్షలకి, పంటలకి, పొట్టనొప్పికి మాత్రమే దేవుణ్ణి పలకరించే మనిషిని.

ఒక మధ్యాహ్నం వాడికి కడుపునొప్పి వచ్చింది. అపెండిక్స్ అన్నారు, వెంటనే ఆపరేషన్ అన్నారు. నేను సూర్యాపేట ఆసుపత్రికి చేరేసరికి వాణ్ణి లోపలికి తీసుకెళ్లిపోయారు. బయట వరండాలో వాడి భార్య రూతు, వాళ్ల సంఘం పాస్టరు అయ్యగారు ప్రార్థన చేస్తున్నారు. అయ్యగారి ప్రార్థన సాగర్ కాలువకు నీళ్లు వదిలినట్టు ఆగకుండా సాగుతోంది. నాకా, ఒక్క శ్లోకం చివరిదాకా రాదు. అయినా స్నేహితుడి పక్షాన మా వైపు నుంచి ఎవరూ నోరు మెదపకపోతే మర్యాదగా ఉండదు కదా.

చేతులు జోడించి, వరండా చివర మందుల దుకాణం వాడికి కూడా వినపడేటట్టు అన్నాను:

“నరసింహస్వామీ, మా దేవదానం సల్లగ లేసి, మా ఇంటికొచ్చి, నా పక్కన కూసోని అన్నం తినేదాంక, నేను మెతుకు ముట్ట.”

నర్సు కళ్లు తుడుచుకుంది. అయ్యగారు అలవాటు చొప్పున “ఆమెన్” అన్నారు.

“అంత మాట ఎందుకన్నారు అన్నయ్యా,” అంది రూతు.

“అనేసిన చెల్లె. ఇగ తిరుగులేదు,” అన్నాను, నాటకంలో రాజు వేషం వేసినవాడిలా.

ఇరవై నిమిషాలు. సరిగ్గా ఇరవై నిమిషాల్లో డాక్టర్ బయటికొచ్చి, “తీసేశాం, భయం లేదు, వారంలో ఇంటికి పంపిస్తాం,” అన్నాడు. నా మనసులో లెక్క తేలిపోయింది. వారం రోజులు రొట్టెలు తినాలి. అంతేగా. ఒక్క వారం రొట్టెకి స్నేహానికి మారుపేరు అయిపోవచ్చంటే ఎవరు కాదంటారు?

అక్కడితో ఊరుకుంటే నేను నేనెందుకవుతాను? ఇంటర్ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. షేర్ ఆటోలో చెప్పాను. మిర్యాలగూడలో నేను రోజూ టిఫిన్ చేసే హోటల్లో చెప్పాను. నేరేడుచర్ల మిల్లులో చెప్పాను. రెండు రోజుల్లో ఈ మూడు ఊళ్ల మధ్య నా మొక్కు తెలియని లారీ డ్రైవర్ లేడు. ఆ తర్వాత నేను ఎక్కడ కూర్చున్నా నా విస్తరికి కాపలాదారులు తయారయ్యారు.

అసలు కాపలా ఇంట్లో ఉంది.

“ఇడ్లీ పెట్టు,” అన్నాను మొదటి రోజు పొద్దున్నే.

“ఇడ్లీల ఏముంటది?” అంది సుగుణ.

“మినప్పప్పు.”

“ఇంకా?”

“ఉప్పు.”

“ఏమయ్యా, బియ్యం అమ్మేటోనివి. ఇడ్లీ రవ్వ దేంతోటి చేస్తరో నీకు దెల్వదా?”

“మొక్కింది అన్నమే కదనే. ఇడ్లీ గాదు.”

“మెతుకు ముట్ట అన్నవట. రూతు ఫోన్ల చెప్పింది. ఇడ్లీ అంటే ఉడికిన బియ్యమే.”

అలా ఇడ్లీ పోయింది. దోశ దాని వెనకే పోయింది. అటుకులు, సర్వపిండి, సకినాలు, పండక్కి దాచిన అరిసెలు, అన్నీ వరసగా విచారణకు నిలబడి ఒక్కొక్కటే శిక్ష పడి వెళ్లిపోయాయి. మన తిండిలో బియ్యం లేనిది ఏముందో ఆ వారంలో నాకు తెలిసివచ్చింది. మంచినీళ్లున్నాయి.

నేను విసుక్కుంటే సుగుణ ఒకటే మాట అనేది. “మొక్కు మీద ఆటలొద్దు. నువ్వు తప్పి, ఆ అన్నకు ఏమన్నయితే, నీ మొకం సూడ.” ఆ మాట అన్నప్పుడు ఆమె నవ్వేది కాదు. అందుకే దొంగతనంగా ఒక్క మెతుకైనా మింగే ధైర్యం నాకు రాలేదు. నాకు స్వామి మీద భయం తక్కువే. కుట్లు ఇంకా మానని దేవదానం గుర్తొచ్చేవాడు.

వారం గడిచింది. వాడు ఇంటికి వచ్చిన మర్నాడే, ఒక బుధవారం, కారు మాట్లాడుకుని సూర్యాపేట వెళ్లాను. దేవదానం లుంగీ కట్టుకుని, పొట్ట మీద దిండు పట్టుకుని కూర్చున్నాడు.

“లేవరా. మీ చెల్లె కోడికూర వండింది. కార్ల పండుకోని రా. ఒక్క ముద్ద తిను, మళ్ల పండుకోనే పో.”

వాడు నా రెండు చేతులూ పట్టుకున్నాడు. కళ్లలో నీళ్లు. నాకు అప్పుడే అనుమానం రావలసింది.

“ఒరే యాదిగా, నా కోసం అన్నం మానేశావని రూతు చెప్పింది. ఆసుపత్రిలో పడుకుని ఒకటే ఆలోచనరా. వీడు నా కోసం ఇంత చేస్తే, నా ప్రాణం నిలబెట్టిన దేవుడికి నేనేం చేశాను అని. అందుకే నేను కూడా ఒక తీర్మానం చేసుకున్నా.”

“ఏం తీర్మానం?”

“ఇవాళ్టి నుంచి శ్రమకాలం కదా. ఈస్టర్ దాకా నేను అన్నం ముట్టను. డాక్టర్‌ని కూడా అడిగా. గోధుమరవ్వ ఉప్మా తినమన్నాడు.”

శ్రమకాలం అంటే ఈస్టర్‌కు ముందు వాళ్లు ఉపవాసాలతో గడిపే నలభై రోజులు. నలభై అని లెక్క తేలిన తర్వాత నేను ఎప్పుడు నేల మీద కూర్చున్నానో నాకు గుర్తు లేదు.

“అరేయ్, నువ్వు తినకపోతే నేను తినొద్దు గదరా.”

“అదేగా. ఇద్దరం కలిసి మానేద్దాం.”

“కలిసి మానేసుడు గాదు, కలిసి తినుడు. నేను మొక్కింది తినుడు.”

“ఈస్టర్ రోజు తిందాంలే. మీ ఇంటికే వస్తా.”

“మరి మానేద్దామనుకున్నోడివి చికెన్ మానెయ్యొచ్చు గద. చాయ్ మానెయ్యి. నీ పిల్లలకు లెక్కలు చెప్పుడు మానెయ్యి, వాళ్లు సంతోషపడతరు. అన్నమే దొరికిందా నీకు?”

“నువ్వు అన్నమే మానేశావు కదరా,” అన్నాడు దేవదానం, అంత ప్రేమగా.

ప్రేమతో గొంతు పిసికేవాణ్ణి తిట్టడానికి మాటలు నాకు ఎవరూ నేర్పలేదు.

అయ్యగారి దగ్గరికి పరుగెత్తాను. “అయ్యగారూ, మీరు జర చెప్పాలె. ఒక్క ముద్ద. కండ్లు మూసుకోని మింగినా చాలు.”

“అది ఆయనకూ దేవునికీ మధ్య ఉన్న సంగతి బాబూ.”

“ఆ నడుమల నా కడుపు ఉన్నది గద అయ్యగారూ.”

ఆయన నా భుజం తట్టి, ఆదివారం నన్ను సంఘం ముందు నిలబెట్టి, స్నేహమంటే ఇదని అందరికీ చూపించారు. చప్పట్లు కొట్టారు. నా కడుపు కూడా ఏదో శబ్దం చేసింది. మైకు దగ్గరగా ఉండటం వల్ల అది కూడా అందరికీ వినపడింది.

అటువైపు పని కాలేదని మా వైపు ప్రయత్నించాను. గుడిలో పూజారి గారిని షరతు కొంచెం మార్చుకోవచ్చా అని అడిగాను. ఆయన నన్ను కింది నుంచి పైదాకా చూసి, “మొక్కింది నువ్వు, షరతు పెట్టింది నువ్వు. స్వామి ఏమన్నా అడిగిండా నాయనా?” అన్నారు. రెండు మతాలూ ఒక్క మాట మీద నిలబడి నన్ను ఎండబెట్టాయి.

ఇంట్లో బాధ ఒక ఎత్తు, వృత్తిలో బాధ ఇంకొక ఎత్తు. బియ్యం కొనేటప్పుడు గింజ తెల్లగా ఉందా, విరిగిందా అని చూస్తే సరిపోదు. శాంపిల్ తీసి, వండించి, నోట్లో వేసుకోవాలి. పాత బియ్యమైతే పొడిపొడిగా విచ్చుకుంటుంది, కొత్తదైతే ముద్దవుతుంది. నేరేడుచర్ల మిల్లు షావుకారు ఆవిర్లు కక్కే అన్నం ప్లేటులో పెట్టి నా ముందుకు జరిపాడు. ఆ వాసన తగలకుండా ముక్కు మూసుకున్నాను.

“రుచి సూడు యాదగిరీ. ఏడాది పాతది.”

“సూడరాదు సేటు. మొక్కున్నది.”

“మరి కొనుడెట్ల?”

“కండ్లతోటి కొంట.”

అలా శ్రమకాలమంతా కళ్లతోనే కొన్నాను. నా కళ్ల మీద నాకు గొప్ప నమ్మకం. అప్పటికి కళ్లద్దాలు రాలేదు, రావలసిన వయసు మాత్రం వచ్చింది.

ఎట్లాగో నలభయ్యో రోజు వచ్చింది. నా ప్యాంటు నా మాట వినడం మానేసింది. ఒక చేత్తో దాన్ని, ఇంకో చేత్తో క్యాలెండర్‌ను పట్టుకుని సూర్యాపేటలో దిగాను.

“ఖతం. నలభై అయినయి. లెక్కల సారువి, నువ్వే లెక్కపెట్టుకో.”

దేవదానం క్యాలెండర్ చూసి తల అడ్డంగా ఊపాడు. “ఆదివారాలు లెక్కలోకి రావురా. ఇంకో ఆరు రోజులున్నాయి.”

“ఆదివారాలు లెక్కల రావంటే ఆదివారం అన్నం తినొచ్చన్నట్టే గద. మరి తిన్నవా?”

“తినొచ్చు. కానీ నువ్వు తినట్లేదని నేను తినలేదు.”

చదువుతున్న మీకు అర్థమైందా? ఆరు ఆదివారాలు. వాడు తినొచ్చు. వాడు తింటే నేను తినొచ్చు. నేను తినడం లేదని వాడు తినలేదు. వాడు తినలేదని నేను తినలేదు. ఇలాంటివాణ్ణి లెక్కల మాస్టారుగా ఎవరు నియమించారో వాళ్లను నేను ఒకసారి కలవాలి.

చివరికి ఈస్టర్ వచ్చింది. పొద్దున ఆరాధన ముగించుకుని దేవదానం, రూతు మిర్యాలగూడ వచ్చారు. వాడు పొట్ట మీద చెయ్యి పెట్టుకోకుండా మెట్లెక్కాడు. గుమ్మంలో నిలబడి చూసిన సుగుణ కొంగుతో కళ్లొత్తుకుని లోపలికి పోయింది. ఆ రోజు కోసం నేరేడుచర్ల నుంచి కళ్లతో ఏరి తెచ్చిన బస్తా విప్పించాను.

“పాతయేనా?” అని సుగుణ ఒకసారి అడిగింది కూడా.

“నా కండ్లనే అనుమానిస్తవా?”

పక్కపక్కన కూర్చున్నాం. దేవదానం కళ్లు మూసుకుని భోజనానికి ముందు ప్రార్థన మొదలుపెట్టాడు. నా జీవితంలో అంత పొడవైన ప్రార్థన వినలేదు. అది ముగిశాక సుగుణ వడ్డించడానికి వచ్చింది. గరిటె వంచింది. అన్నం పడలేదు. గరిటె విదిలించింది. అన్నం అలాగే ఉంది. చివరికి చెంచాతో తోస్తే అన్నం మొత్తం ఒకే ముక్కగా, నిన్న పోసిన సిమెంటు ఇటుకలాగా, ప్లేటులో దిగింది. కొత్త బియ్యం. అంతకంటే కొత్తది పొలంలో కూడా దొరకదు.

దేవదానం ముద్ద కలపబోయాడు. కలపడానికి ఏమీ లేదు, విరవాలి. విరిచాడు, నోట్లో పెట్టుకున్నాడు. నేనూ పెట్టుకున్నాను. ఈస్టర్ కోసం నోరూరించుకున్న ఆ ముద్ద నా అంగిటికి అంటుకుని ఇల్లు కట్టుకుంది. ఇద్దరం దవడలు ఆడిస్తూ ఒకరినొకరు చూసుకున్నాం. నోరు ముందుగా విడిపడింది వాడికే.

“ఒరే యాదిగా,” అన్నాడు దేవదానం, నీళ్లు తాగి. “దీనికంటే ఆపరేషనే నయంరా. అక్కడ కనీసం మత్తిచ్చారు.”

అప్పుడు సుగుణ నవ్వింది. మొక్కినప్పటి నుంచి అదే మొదటిసారి.

కాబట్టి పెద్దలూ, పాఠకులూ, మిల్లు షావుకార్లూ వినగలరు. నేను, యాదగిరి అనేవాణ్ణి, పూర్తి స్పృహలో ప్రమాణం చేస్తున్నాను. ఇకపై ఏ దేవుడికి మొక్కినా నా నోటిని ఇంకొకడి నోటికి ముడిపెట్టను. ఆ ఇంకొకడు మంచివాడైతే అసలే ముడిపెట్టను.

ఇక, మొదట్లో అంత గట్టిగా ఒట్టేశాను గనక, కల్పించింది ఎక్కడో కూడా ఒప్పుకోవాలి. అన్నం ఇటుక నిజం. ఇడ్లీ విచారణ నిజం. మైకులో నా కడుపు నిజం. అబద్ధం ఒక్కటే. ఆపరేషన్‌కు ఇరవై నిమిషాలు పట్టలేదు. రెండున్నర గంటలు పట్టింది. అపెండిక్స్ లోపలే పగిలిపోయింది, డాక్టర్ మధ్యలో ఒకసారి బయటికొచ్చి రూతు చేత ఇంకో కాగితం మీద సంతకం తీసుకున్నాడు. దేన్నైనా పెంచి చెప్పే నేను ఇది మాత్రం తగ్గించాను.

ఆ రెండున్నర గంటల్లో ఇంకా చాలా మొక్కాను, గట్టిగా కాదు. అందులో ఒకటి ఎండాకాలంలో తీర్చుకున్నాను. గుండు ఎందుకు చేయించావురా అని దేవదానం అడిగితే, ఎండలకి అన్నాను. నా మాట వాడు తగ్గించుకోకుండా నమ్మింది ఆ ఒక్కసారే.