ఫిజీ నుంచి వచ్చిన ఉత్తరం

మనవరాలి పుస్తకంలో, తాడుకి ఆరేసిన చేపల్లా గీతకి వేలాడే హిందీ అక్షరాలు చూస్తే ఆ ఉత్తరం గుర్తొచ్చింది.

మా నాయనమ్మ వాళ్లన్న చెరకు నరకడానికి ఓడెక్కి ఫిజీ పోయాడు. చాలా ఏళ్లకి ఒక ఉత్తరమొచ్చింది. ఇంట్లో బడికెళ్లేది నేనొక్కదాన్నే, మూడో తరగతి.

"సదవ్వే, మా అన్న ఏటి రాసేడు?"

ఒక్క అక్షరం తెలియలేదు. ఇవి నాలుగో తరగతిలో నేర్పుతారు కాబోలనుకున్నాను. రాదంటే బడి మానిపిస్తారని భయం.

"బాగున్నాడంట. నిన్నడిగేడంట."

"ఇంత కాయితంలో అంతేనా?"

"మిగతావన్నీ దండాలే."

ఆ ఏడే బడి మానిపించారు.

ఫిజీలో రకరకాల జనమట, మన తెలుగువాళ్లు కూడా అక్కడ హిందీకి మళ్లారట. మనవరాలు చెప్పింది. ఆ ఉత్తరంలో ఏముందో నాకిప్పటికీ తెలీదు. నాయనమ్మ మాత్రం పోయేదాకా అన్న బాగున్నాడనే అనుకుంది.