నీటి విమానంలో వంటవాడి సీటు

ఆక్లాండ్ నుంచి దీవుల్లోని రిసార్టులకు అతిథుల్ని చేరవేసే చిన్న నీటి విమానాల కంపెనీ ఒకటుంది. అలాంటి ఒక దీవిలో నేను వంటవాణ్ణి. అతిథులు ఎక్కగా సీటు మిగిలితేనే మా బోటివాళ్ళకు చోటు. బడిలో నేను చదివింది తక్కువ. ఇంగ్లీషు ఆ విమానం సీటు వెనక ఉండే జాగ్రత్తల కార్డును కూడబలుక్కుంటూ నేర్చుకున్నాను. అతిథి ప్రాణం వేరు, వంటవాడి ప్రాణం వేరు అని ఆ కార్డులో ఎక్కడా లేదు.

పోయిన చలికాలం మా ఆవిడకు కడుపులో గడ్డ తీయాలన్నారు. ఆమె ఆక్లాండ్ శివారు హెండర్సన్‌లోని మా ఫ్లాట్‌లో ఒక్కతే ఉంటుంది. ఇంగ్లీషు రాదు. మత్తు ఇచ్చేదాకా పక్కనుండి డాక్టర్ల మాటలు ఆమెకు చెప్పాల్సింది నేనే. ముందురోజే వెళ్తానని సెలవడిగితే, ఆపరేషన్ మధ్యాహ్నం కదా, పొద్దున విమానంలో వెళ్ళొచ్చులే అన్నాడు మేనేజరు. ఆ ముందురోజు రాత్రి, ఆక్లాండ్‌లోనే హాబ్సన్‌విల్ నుంచి అతిథులుగా వచ్చిన తెలుగు జంట అడిగితే, మెనూలో లేకపోయినా చారు కాచి పెట్టాను.

పొద్దున జెట్టీ మీద వాళ్ళూ అదే విమానానికి నిలబడ్డారు. ఎక్కేముందు మనుషుల్నీ సామాన్లనీ తూస్తారు. ఆ అమ్మాయి కాటా ఎక్కగానే, బుకింగ్‌లో చెప్పిన బరువు ఇది కాదే అంది పైలట్.

"బుక్ చేసింది ఈయన. పెళ్ళప్పటి బరువు కొట్టుంటాడు, నన్నడిగితేగా అంకుల్," అందా అమ్మాయి నాతో.

"అడిగితే ఊరుకుంటావా?" అన్నాడు భర్త.

నేనూ నవ్వాను. పైలట్ నవ్వలేదు. గాలి ఎక్కువగా ఉంది, మీ రెండు పెద్ద సూట్‌కేసులు మధ్యాహ్నం పంపిస్తాను, కుదరదంటే స్టాఫ్ ఆగాలి అంది.

"అందులో ల్యాప్‌టాప్ ఉంది అంకుల్. నాకు మీటింగుంది," అన్నాడతను.

"ల్యాప్‌టాప్ తీసి ఒళ్ళో పెట్టుకో బాబూ. ఇవాళ మా ఆవిడకు ఆపరేషన్."

"ఏం ఆపరేషన్?"

చెప్పాను.

"అవి ఇప్పుడు కామన్ అంకుల్. ఇక్కడ డాక్టర్లు బాగా చూసుకుంటారు, టెన్షన్ పడకండి."

"బ్యాగులే ఆపుదామండీ," అంది భార్య. మనం గెస్టులం, మనమెందుకు ఆపాలి అని అతను ఆమెతో ఇంగ్లీషులో గొణిగాడు. నాకు అర్థం కాదనుకున్నాడు కాబోలు. ఆ తర్వాత ఆమె నా వంక చూడలేదు.

నన్ను జెట్టీ మీదే వదిలి, వాళ్ళ సూట్‌కేసులతో విమానం నీళ్ళు చిమ్ముకుంటూ లేచిపోయింది. చిన్నప్పుడు గోదావరి మీద లాంచీల్లో తిరిగినవాణ్ణి. ఆసుపత్రికి వెళ్ళే మనిషుంటే లాంచీ నడిపే సరంగు బస్తాలు దింపించేవాడు, బస్తాల ఆసామి సణుక్కుంటూనే ఊరుకునేవాడు. ఆ కాలం గొప్పదని అనను. కులం చూసి కూర్చోబెట్టిన లాంచీలూ అవే. కానీ బస్తాకు సీటిచ్చి మనిషిని రేవులో దింపడం మాత్రం ఎరగను.

మధ్యాహ్నం విమానంలో వెళ్ళేసరికి ఆమెను లోపలికి తీసుకుపోయారు. సాయంత్రం కళ్ళు తెరిచింది.

"ఆసుపత్రివాళ్ళు ఎవరో తెలుగాయన్ని ఫోన్‌లో పెట్టి అన్నీ అడిగించారు. మంచివాడే," అంది. "మా ఆయన విమానంలో వస్తున్నాడు, ఆగమని వాళ్ళకు చెప్పమన్నాను."

"ఆగారా?"

"కాసేపు ఆగారు," అంది.