పత్తెం గిన్నెలో గింజలు

ఆ బుధవారం పొద్దున మా ఇమ్రాన్ బాత్‌రూమ్‌లోంచి "అమ్మీ, ఒంటేలు నల్లగా వస్తోంది" అని అరిచాడు. వెళ్లి చూస్తే కాఫీ డికాషన్ రంగు. వాడికప్పుడు అయిదేళ్లు. వెలుతురులోకి లాక్కొచ్చి రెప్ప కిందికి లాగి చూశాను. కన్ను పచ్చగా ఉంది.

అంతకు రెండు రోజుల ముందు గవర్నర్‌పేటలో కొత్తగా తెరిచిన సూపర్‌మార్కెట్‌లో ఫ్రోజెన్ బ్రాడ్ బీన్స్ ప్యాకెట్ కొన్నాను, మన చిక్కుడు గింజల్లాగే ఉంటాయి గానీ ఇంకా పెద్దవి. ఒలిచే పని లేదని నాకు మహా సంబరం. ఖీమాలో వేసి వండితే వీడు ఖీమా పక్కకు నెట్టి గింజలే ఏరుకు తిన్నాడు. మిగిలినవి ఫ్రీజర్లో దాచాను. వాటిమీద నాకే అనుమానమూ రాలేదు.

"కామెర్లే ఇవి. ఆస్పత్రికెళ్తే సూదులు పొడుస్తారు గానీ తగ్గదు. కంకిపాడు పోదాం పద" అంది మా అత్తమ్మ. మా ఇళ్లలో కామెర్లంటే ముందు పసరు మందే. అక్కడ పసరు తాగించి, నూనె, కారం, మాంసం ముట్టించొద్దని పత్తెం చెప్పి పంపారు. చప్పిడన్నం పెడితే వాడు ఉమ్మేశాడు. గింజలు కావాలని ఒకటే ఏడుపు. నూనె లేకుండా ఉడకబెడితే అదీ పత్తెమేగా అనుకున్నాను. గురువారం రెండు పూటలా అవే పెట్టాను. పిచ్చిదాన్ని, వాడు తింటున్నాడని మురిసిపోయాను కూడా.

శుక్రవారం వాడు లేచి నిలబడలేకపోయాడు. పెదాలు తెల్లగా పాలిపోయాయి, ఆయాసం. మావారు ఆటోనగర్లో షాపు తెరవడం మానేసి వాణ్ణి ఎత్తుకుని ఆస్పత్రికి పరుగెత్తారు. హిమోగ్లోబిన్ నాలుగున్నర ఉందన్నారు.

"రెడ్ సెల్స్ పగిలిపోతున్నాయమ్మా. ఎందుకో మాకు తెలియాలి. ఈ వారంలో ఏం తిన్నాడు? మందులేమైనా వాడారా?" అని డాక్టరమ్మ అడిగారు.

పసరు మాటెత్తితే తిడతారని నాకు భయం. అత్తమ్మ నా మోచెయ్యి నొక్కింది. "ఏం వాడలేదండీ. పత్తెం తిండే పెట్టాం" అన్నాను.

రక్తం ఎక్కించారు. మలేరియా టెస్ట్ నెగెటివ్ వచ్చింది. ఇంకేవో టెస్టులకు రక్తం తీస్తుంటే ఉన్న కాస్తా అయిపోతుందేమోనని వణికిపోయాను. యా అల్లా, నా ప్రాణం తీసుకుని వీణ్ణి వదిలెయ్ అని మొక్కుకుంటూ కూర్చున్నాను.

మర్నాటికి కాస్త తేరుకుని ఆకలన్నాడు. మెత్తగా ఏదైనా పెట్టమని నర్సు చెప్పింది. అత్తమ్మ ఇంటికెళ్లి అవే గింజలు ఉడకబెట్టి తెచ్చింది. స్పూను వాడి నోటి దగ్గర పెట్టాను. రౌండ్స్‌కొచ్చిన డాక్టరమ్మ "ఆగండాగండి!" అంటూ వచ్చి నా చెయ్యి పట్టుకున్నారు.

"ఏంటమ్మా ఇవి?"

"పత్తెమండీ."

ఆవిడ ఒక గింజ తోలు ఒలిచి చూశారు. "ఎన్నాళ్ల నుంచి పెడుతున్నారు?"

అప్పుడు అన్నీ చెప్పేశాను, పసరుతో సహా, వెక్కి వెక్కి ఏడుస్తూ. ఆవిడ తిట్టలేదు. "నిన్ననే ఈ మాట చెప్పి ఉండాల్సిందమ్మా" అన్నారంతే. తిట్టినా బాగుండేది.

వాడికున్నది జీ సిక్స్ పీడీ డెఫిషియెన్సీ అయ్యుంటుందన్నారు, అంటే ఎర్ర రక్తకణాలను కాపాడే ఒక ఎంజైమ్ తక్కువట. అది ఉన్నవాళ్లకు ఈ గింజలు విషంతో సమానమట. ఆ ఎంజైమ్ లోపం తల్లి నుంచి కొడుక్కి వస్తుందన్నారు. నేను తలెత్తలేకపోయాను. "నువ్వేమైనా తెలిసి ఇచ్చావా? పసరు పోయించింది నేను కాదూ?" అంది అత్తమ్మ. ఇద్దరం పట్టుకుని ఏడ్చాం.

ఇంకోసారి రక్తం ఎక్కించాక ఎనిమిదో రోజున ఇంటికి పంపారు. అప్పుడే చేస్తే ఎక్కించిన రక్తం వల్ల టెస్ట్ సరిగ్గా చూపించకపోవచ్చని మూడు నెలలాగి చేయించి, జబ్బు అదేనని ఖాయం చేశారు.

ఇప్పుడు ఇమ్రాన్ తొమ్మిదో తరగతి. ఆ గింజలూ, వాడి రక్తానికి అంతే చేటు చేసే కలరా ఉండలూ మా గడప తొక్కవు. వాడకూడని మందుల లిస్టు వాడి జేబులో ఉంటుంది. అయినా జ్వరం వస్తే చాలు, ముందు రెప్ప కిందికి లాగి కన్ను చూస్తాను.

తల్లులకు నేను చెప్పేది ఒక్కటే. ఏం పెట్టారని డాక్టర్ అడిగితే పత్తెం అనకండి. బిడ్డ నోట్లోకి వెళ్లిన ప్రతిదాన్నీ పేరు పెట్టి చెప్పండి, నాటు మందుతో సహా. తిడితే పడండి. ఆ తిట్లకు భయపడి, నా బిడ్డను చంపుతున్నదాన్నే స్పూనుతో వాడి నోటిదాకా తీసుకెళ్లాను నేను.