చెప్పులో చెక్కముక్క

ముక్కల మేస్త్రి తలుపు బిగించాడంటే దోమ కూడా తట్టి, అడిగి మరీ లోపలికి రావాలని చెప్పుకునేవారు. దోమల సంగతేమోగాని, వడ్రంగి మేస్త్రికి ఆ పేరు చెక్కముక్కల వల్ల వచ్చింది. బల్ల ఊగితే కాలి కింద ఓ ముక్క. స్క్రూ వదులైతే రంధ్రంలో ఓ ముక్క. ఆయన జేబులో చిల్లర లేని రోజుండేది గాని, ముక్క లేని రోజుండేది కాదు.

తుంటి అరిగిపోతే తీయించి లోహపు కీలు వేయించుకున్నాడు. చాలా ఏళ్లు హాయిగా తిరిగాక తొడలో సలుపు మొదలైంది. ఆ తరువాత కుడికాలు కాస్త పొట్టిదైనట్టు తోచింది. సరిగ్గా అప్పుడే కూతురు ఇల్లు మొదలుపెట్టింది. వీధితలుపు తానే చేసి, తానే నిలబెడతానని మేస్త్రి మాటిచ్చేశాడు. ఆస్పత్రికి వెళితే మంచానికి కట్టేస్తారు, తలుపు ఇంకెవడో నిలబెడతాడు. అందుకని బల్లకు చేసే వైద్యమే తనకూ చేసుకున్నాడు. చెప్పు అట్ట విప్పి, మడమ కింద పల్చటి టేకు ముక్క అతికించాడు. కుంటు ఎవరి కంటా పడలేదు.

ఇల్లేమో నత్తతో పందెం వేసి ఓడిపోయేలా సాగింది. తలుపు తయారై గోడకు ఆనుకుని ఎదురుచూస్తోంది. చెప్పులో ముక్క మాత్రం మందమవుతూ పోయింది.

ఒకరోజు భార్య తొందరలో ఆయన చెప్పులు తొడుక్కుని కుళాయి దగ్గరికి వెళ్లబోయి తూలింది.

"ఏంటయ్యా ఇది, చెప్పా, పీటా?"

"ఊరికే... కాస్త ఎత్తు పెరుగుదామని."

"ఒక్క కాలికేనా?"

మర్నాడు ఆ చెప్పును ఆవిడే డాక్టరు బల్ల మీద పెట్టింది. డాక్టరు దాన్నీ చూశాడు, ఎక్స్‌రేనీ చూశాడు.

"మొదట్లోనే వచ్చుంటే చిన్న పనితో పోయేది మేస్త్రిగారూ. వదులైన కీలు కదిలి కదిలి చుట్టూ ఎముకను తినేసింది. బిగిద్దామంటే పట్టు లేదు. దాత ఎముకతో ఖాళీ నింపి, పొడవాటి కడ్డీ దించాలి. నొప్పి తగ్గుతుంది. కుంటు ఉండిపోవచ్చు. నిచ్చెనలు, బరువులు మాత్రం మర్చిపోండి."

ఊగే తలుపును అలాగే ఊపుతుంటే చెక్క గుల్లవుతుందని, ఆపైన ఏ స్క్రూ నిలవదని ఊరందరికీ చెప్పిన మనిషి. ఆ మాట తన చెవినే పడలేదు.

ఆపరేషన్ బాగానే జరిగింది. నొప్పి పోయింది, చేతికర్ర మిగిలింది. తలుపు బిగించే రోజున మేస్త్రి కుర్చీలో కూర్చున్నాడు. తాను చిత్రిక పట్టిన తలుపును వేరే వడ్రంగి ఎత్తుతుంటే ఆయన చేతులు గాల్లోకి లేచి, మళ్లీ ఒళ్లోకి దిగాయి.

కూతురు పక్కన నిలబడింది. "ముందే చెప్పుంటే ఆగేదాన్ని కదా నాన్నా. గుమ్మానికి దుప్పటి కట్టుకునైనా ఉండేదాన్ని. తలుపుకేం తొందర?"

మేస్త్రి చేతికర్ర మీదికి వంగి తలుపు బందుల వైపు చూశాడు.

పై బందు దగ్గర ఓ స్క్రూ వదులుగా తిరిగింది. వడ్రంగి కింద పడిన చెక్కముక్క అందుకున్నాడు.

"వద్దు. ముక్క పెట్టకు. బందు విప్పి, గట్టి చెక్క ఉన్నచోట బిగించు."

"కొంచెమే కదా మేస్త్రీ!"

"కొంచెమే కాబట్టి చెప్తున్నా. విప్పు."