గేరు అడిగే మాయాండి

మాయాండి బండికి గేరు మార్చాలంటే వెనక కూర్చున్నవాళ్ళు చెప్పాలి. చెప్పేదాకా మార్చడు. ఇంజను గొంతు చించుకుని అరవనీ, ఎదురొచ్చే లారీవాడు తల బయటపెట్టి శాపనార్థాలు పెట్టనీ, తను మాత్రం తల కాస్త వెనక్కి తిప్పి, పెళ్ళివారిని పలకరించినంత మర్యాదగా "మార్చనా?" అని అడుగుతాడు. జవాబు వస్తే ఎడమకాలు కదులుతుంది. రాకపోతే కోవిల్‌పట్టి నుంచి కాశీ దాకా రెండో గేర్లోనే పోతాడు.

ఇదేం పిచ్చయ్యా అంటే అరచెయ్యి చెవి వెనక పెట్టేవాడు. "నూలుమిల్లులో ఇరవై ఏండ్లు నిలబడినాను గదా. మనుషులు గెట్టిగా చెప్తే వినపడతాది. ఇంజను మాట చెవిన పడదు."

పాపం అనుకుని ఎక్కినవాళ్ళు దిగేటప్పుడు తమను తామే పాపం అనుకునేవాళ్ళు. అంతోణి సంగతే చూడండి. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో మేస్త్రీ. విరుదునగర్‌లో పని ఉండి, మాయాండి వెనక ఎక్కి, ఊరు దాటగానే కునుకు తీశాడు. సాత్తూరు వచ్చేసరికి కాలుతున్న వాసనకు మెలకువ వచ్చింది.

"ఏమయ్యా, బండిలో పొగ వస్తాంది!"

"నువ్వే గదా అన్నా ఏమీ చెప్పలేదు. నాలుగు మాట్లు అడిగినాను."

"నేను నిద్రపోతాంటి!"

"మంచి నిద్ర. లేపడానికి మనసు రాలేదు."

వెనక ఎవరూ లేకపోతే దారినపోయేవాళ్ళు దొరికేవాళ్ళు. బస్టాండు ముందర ఉడకబెట్టిన వేరుసెనక్కాయలు అమ్మే బొమ్మక్క పుట్టి బుద్ధెరిగి మోటార్ సైకిల్ ఎక్కలేదు. అయినా మాయాండి బండి చప్పుడు దగ్గరికొస్తే కాయలు కొలిచే చేతిని ఆపకుండానే, తల ఎత్తకుండానే, "మూడు ఎయ్యి మాయాండీ!" అని కేకపెట్టేది. మాయాండి చెయ్యెత్తి దండం పెట్టి, మూడు వేసుకుని పోయేవాడు. కొన్నవాళ్ళు నవ్వీ నవ్వీ కాయలు ఇంకో కొలత ఎక్కువే కొనేవాళ్ళు.

ఈ మహానుభావుడి అక్క కూతురు సెల్వరాణి. అందరూ తప్పించుకు తిరిగే ఆ వెనక సీటు, పన్నెండో ఏట నుంచీ ఆ పిల్లకు రాసిపెట్టినట్టు దక్కింది. విరుదునగర్ నుంచి అగ్గిపెట్టెల లేబుళ్ళు తెచ్చిపెట్టడం మాయాండి పని. ప్రతి ఆదివారం పొద్దున్నే వచ్చి గుమ్మం ముందు నిలబడేవాడు. "బావా, పిల్లను పంపించు. గేరు చెప్పేవాళ్ళు లేరు." బావ ఇసక్కిపాండి కూతురి విషయంలో మహా గట్టివాడు. కానీ చెవిటివాడికి సాయం చెయ్యొద్దని ఏ నోటితో అంటాడు?

పోయేటప్పుడు సెల్వరాణికి సగం నిద్ర. బుగ్గ మామ ఖాకీ చొక్కాకు ఆనించి కళ్ళు మూసుకునేది. రోడ్డు కనిపించేది కాదు, వినిపించేది. నల్లరేగడి చేల మీదుగా వచ్చే గాలి చెవి దగ్గర ఏదో చెప్పి పోయేది. ఇంజను కూడా ఆ నిద్రలోకే వచ్చి మాట్లాడేది. గొంతు పైకి పైకి పోయి కీచుమనే లోపల "మూడు మామా" అనేది. సాత్తూరు వంతెన ఎక్కుతుంటే ఆయాసం మొదలయ్యేది. పూర్తిగా మూలగకముందే "రెండుకు దించు" అనేది. లేబుళ్ళ మూటతో తిరిగి వచ్చేటప్పుడు అన్నీ కాస్త ఆలస్యంగా చెప్పాలని, ఎదురుగాలి ఉంటే నాలుగు వెయ్యడానికి తొందరపడకూడదని ఎవరూ నేర్పకుండానే తెలిసిపోయింది. మాయాండి చెప్పింది ఒక్కటే మాట. "అరిస్తే పైకి, మూలిగితే కిందికి. తక్కినదంతా అదే చెప్తాది, ఊరికే విను."

ఇంకో సేవ కూడా ఉండేది. బయల్దేరే ముందు బండి నడిమి స్టాండు మీద నిలబెట్టి, వెనక చక్రం గాల్లో తిరుగుతుండగా గేర్లన్నీ ఒకసారి వేసి తియ్యాలట. "నాకు మోకాలు నొప్పి, నువ్వు తొక్కు పిల్లా." స్టాండు మీద బండి ఎక్కడికి పోతుందిలే అని ఇసక్కిపాండి వేపపుల్ల నములుతూ చూస్తూ ఊరుకునేవాడు.

అలా పదేళ్ళు గడిచాయి. రెండువేల ఒకటిలో సెల్వరాణికి ఇరవైరెండు. ఆరేళ్ళుగా బల్ల ముందు కూర్చుని పుల్లలు పెట్టెల్లో నింపే పని. ఆ ఏడు అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ ఆఫీసులో ఒక కబురు పుట్టింది. చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళకు పెట్టెలు అంటించే పని ఇచ్చి, తయారైనవి చూసి రావడానికి ఒక ఆడమనిషి కావాలి. గేరు బండి నడపగలగాలి. లైసెన్సు వాళ్ళే ఇప్పిస్తారు. సోమవారం పదింటికి వచ్చి నడిపి చూపించాలి.

సెల్వరాణికి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఊరి తర్వాత ఊరు, ముఖానికి గాలి. జీవితంలో ఆమె ఏదైనా కావాలనుకుందంటే అదే. తండ్రిని అడిగింది.

"ఆడపిల్లకు బండేంటికి? రోడ్డున పడితే ఎవరు లేపేది? ఆ మాటే ఎత్తొద్దు."

పన్నెండో ఏట బండి ఎక్కి హ్యాండిల్ పట్టుకున్నప్పుడూ ఆయన ఇదే అన్నాడు, ఇదే గొంతుతో. ఈసారి ఆమె మూడు రోజులు అన్నం సరిగా తినలేదు. ఆయనా తినలేదు. కానీ మాట మార్చలేదు.

ఆ సోమవారానికి ముందు ఆదివారం విరుదునగర్‌లో ఆమె అక్క జెయంతి కొడుక్కు చెవులు కుట్టే వేడుక. అమ్మ రాజాత్తి రెండు రోజుల ముందే వెళ్ళింది. పదింటికి ముహూర్తం. తాత ఇసక్కిపాండి రానిదే సూది ముట్టుకోరు. తీరా తాత బస్టాండుకు పోతే బస్సుల సమ్మె. ఇక ఉన్నది మాయాండి బండే. ముగ్గురూ దాని మీదే ఎక్కారు. ఆడపిల్ల నడిమిట్లో కూర్చోకూడదని ఇసక్కిపాండి మధ్యలో కూర్చున్నాడు, సెల్వరాణి చివర్న.

ఊరు దాటారు.

"మార్చనా బావా?"

"నన్నడుగుతావేమి? నడుపు!"

"నడుపు అంటే మార్చల్లనా, వద్దా?"

"మూడు మామా!" వెనక నుంచి సెల్వరాణి అరిచింది. తండ్రి తలపాగా కొస గాలికి ఆమె నోట్లోకే వచ్చింది.

"ఏమంటాది బావా?"

"మూడంట!"

మూడు పడింది. ఇంతలో ఎత్తు వచ్చింది. బండి మూలగడం మొదలుపెట్టింది.

"మార్చనా బావా?"

"ఇప్పుడే గదా మార్చినావు! దినానికి ఎన్ని మాట్లు మారుస్తావు?"

బండి రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. ఇలా ఆగుతూ, అరుస్తూ, పొగలు కక్కుతూ సాత్తూరు వంతెన ముందుకు వచ్చేసరికి తొమ్మిది దాటింది. మాయాండి దిగి మైలురాయి మీద కూలబడ్డాడు.

"నావల్ల కాదు బావా. వినపడేవాళ్ళు నడపల్ల."

ఇసక్కిపాండి రోడ్డు అటు చూశాడు, ఇటు చూశాడు. ఒక ఎద్దులబండి తప్ప ఏమీ లేదు. చివరికి కూతురి వైపు చూశాడు.

"పడేస్తే?"

"నేను వెనక ఉంటాను గదా బావా," అన్నాడు మాయాండి.

"నువ్వుండి ఏం చేస్తావు? గేరు అడుగుతావా?"

సెల్వరాణి ఎక్కింది. మొదటిసారి క్లచ్ గబుక్కున వదిలేసరికి బండి ఎగిరి ఆగిపోయింది. తండ్రి కులదైవాన్ని పేరుపెట్టి పిలిచాడు. రెండోసారి మెల్లగా వదిలింది. బండి కదిలింది. వంతెన దాటింది.

పదేళ్ళుగా ఆ దారిలో ఆమె చూసింది మామ వీపునే. రోడ్డు ఇంత వెడల్పు ఉంటుందని ఆనాడే తెలిసింది. రెండు, తర్వాత మూడు. ఎప్పుడు వేసిందో బండికీ తెలియలేదు. పత్తిచేలు రెండు పక్కలా తేలిపోతున్నాయి. ఇదంతా ఒకప్పుడు కళ్ళు మూసుకుని కన్న కలలాగే ఉంది, కళ్ళు మాత్రం తెరిచి ఉన్నాయి. భుజాలను ఉడుంపట్టు పట్టిన తండ్రి చేతులు మెల్లగా వదులయ్యాయి. కాసేపటికి ఆయన తల ఆమె వీపుకు ఆనుకుంది. నిద్రపోయాడు.

ఆ హాయిలో, అలవాటు కొద్దీ, తనకే వినపడీ వినపడనంత సన్నగా అడిగింది. "నాలుగు వెయ్యనా మామా?"

"కొంచెం ఆగు, ఎదురుగాలి ఉండాది."

ఆగింది. గాలి తగ్గాక నాలుగు వేసింది. ఇంకో ఫర్లాంగు పోయాక ఒళ్ళు ఝల్లుమంది.

"మామా."

"ఏమే?"

"నీకు వినపడతాదా?"



"ఆ," అన్నాడు మాయాండి.

"రెండు చెవులా?"

"రెండూనే. మెల్లగా మాట్లాడు, మీ నాయిన లేస్తాడు."

"నా కోసమా?"

"నీకు బండి నేర్పుతానంటే ఈయన పంపించేవాడా? చెవిటోడికి సాయమంటే పంపినాడు."

"మరి అంతోణన్నను, బొమ్మక్కను, ఊళ్ళో అందర్నీ అడిగినావే?"

"నిన్నొక్కదాన్నే అడిగితే నా చెవుడు ఎవరు నమ్ముతారే?"

సెల్వరాణికి నవ్వొచ్చింది, కళ్ళ నీళ్ళూ వచ్చాయి. బండి ఆపి ఆ పిచ్చి మామను పట్టుకుని ఏడవాలనిపించింది. "పదేండ్లు ఊరంతా ఎగతాళి చేసినారే మామా. వెనక ఏమేమి అన్నారో నీకు తెలీదు."

"తెలీకేమి? అన్నీ వినపడినాయి."

ఆమె నవ్వుతూ కళ్ళు తుడుచుకునేలోపల రోడ్డు ఎత్తు ఎక్కుతోంది. వేగం తగ్గింది. అప్పుడు ఆమె వీపు మీద నుంచి, కళ్ళు తెరవకుండానే, ఇసక్కిపాండి గొంతు వినిపించింది.

"మీ ముచ్చట్లు ఇంటికాడ పెట్టుకోండి. బండి మూలుగుతాంది, మూడుకు దించు. రేపు పదింటికి ఆఫీసోళ్ళ ముందర ఇట్ల చేస్తే పని ఇస్తారా?"

సెల్వరాణి మూడుకు దించింది.