మాస్టారి కుడికాలు

డ్రైవింగ్ స్కూల్లో అందరూ ఆయన్ని మాస్టారనే పిలుస్తారు. ఆయన కూర్చునే పక్క సీటు కిందా ఒక బ్రేకు ఉంటుంది, నేర్చుకునేవాళ్లు తడబడితే తొక్కడానికి. వాళ్లు తడబడేదాకా మాస్టారు ఏనాడూ ఆగలేదు. దూరంగా సైకిలు కనబడితే చాలు, కుడికాలు తన పని తను చేసుకుపోయేది. ఆయన కారు మీద ఒక్క గీటు లేదు. ఆయన శిష్యులు ఓ పట్టాన లైసెన్సు పరీక్ష గట్టెక్కిందీ లేదు. ఈ రెంటికీ చుట్టరికం ఉందని ఆయనకి తోచలేదు.

గట్టెక్కనివాళ్లలో ఆయన భార్య కూడా ఉంది. ఆమె ఆఫీసు ఊరి బయటికి మారుతోంది. అక్కడికి బస్సు లేదు. ఈలోగా లైసెన్సు రాకపోతే ఉద్యోగం మానుకోవాల్సిందే. పరీక్షలో ప్రతిసారీ, పక్కనెవరో తొక్కుతారన్నట్టు, ఆగాల్సిన గీత దాటేసేది.

ఇదిలా ఉండగా, ఒకే గంటకి ఇద్దరు శిష్యుల్ని రమ్మని నాలిక కరుచుకోవడం మాస్టారికి మామూలే. కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పే మరదలు అది చూడలేక, "నీ గంటల లెక్క చూసే ప్రోగ్రాం నువ్వే రాసుకో బావా. ఇది ఉచితంగా నేర్పుతుంది" అని ఒక సాఫ్ట్‌వేర్ వేసిచ్చింది. అది చిన్న అభ్యాసం ఇస్తుంది. రాసింది తప్పయితే ఎర్ర అక్షరాల్లో 'మళ్ళీ ప్రయత్నించండి' అంటుంది. సాయం అడిగితే చెబుతుంది, అడక్కపోతే నోరు మెదపదు.

ఎర్ర అక్షరాలు పడ్డప్పుడల్లా మాస్టారి కుడికాలు టేబుల్ కింద నేలని తొక్కేది.

"కంప్యూటర్‌కి బ్రేకుండదు బావా," అంది మరదలు వంగి చూసి.

"తప్పు రాస్తుంటే ముందే ఆపొచ్చుగా? పూర్తయ్యేదాకా చోద్యం చూస్తుందేం?"

"ముందే ఆపితే నీకేమొస్తుంది?"

"తప్పు రాదు."

"పనీ రాదు."

వెనకాల బీన్స్ తుంచుతున్న భార్య తల పైకెత్తింది. "ఆ చివర బ్రాకెట్ మూయలేదండీ."

"నువ్వు చెప్పకు. నన్ను చూసుకోనీ," అని కసిరాడు మాస్టారు. కసిరి, నేలని తొక్కిపట్టిన తన కుడికాలి వంక చూసుకున్నాడు. ఆవిడ ఆయన వంక చూసింది. మళ్ళీ బీన్స్ తుంచుకుంది.

మర్నాడు భార్యకి కారు నేర్పేటప్పుడు మాస్టారు కాళ్లు సీటు మీదికి మడిచి బాసింపట్టు వేసుక్కూర్చున్నాడు.

"కాళ్లు పైకెందుకు?"

"నొప్పి."

"రెండూనా?"

"రెండూ."

వీధి మధ్యలో కారు ఎగిరిపడి ఆగిపోయింది. వెనక హారన్లు మోగుతున్నాయి. "ఇప్పుడేం చెయ్యను?" అందావిడ.

మాస్టారు కళ్లు మూసుకున్నాడు. "మళ్ళీ ప్రయత్నించండి."

"నాకీ మర్యాదేంటి?" అని నవ్వుతూనే బండి తీసింది. ఆ వారంలోనే, చెత్తకుండీ పుణ్యమా అని, కారుకి మొదటి గీటు పడింది. మాస్టారు దాన్ని రోజూ తడిమి చూసుకునేవాడు.

పరీక్ష రోజున ఆయన కంచె బయట నిలబడ్డాడు. కారు గీత దగ్గరికొస్తోంది. కాస్త వేగంగానే వస్తోంది. గీతకి బెత్తెడు ఇవతల ఆగింది.

లైసెన్సు కాగితం పట్టుకుని బయటికొచ్చిన భార్య ముందుగా ఆయన కాళ్ల వంక చూసింది. కుడికాలి చెప్పు తెగి ఉంది.

"తొక్కారా?"

"రాయి తగిలింది."

"సరే, ఎక్కండి," అంది. "కాళ్లు పైకి."

మాస్టారు తెగిన చెప్పు చేత్తో పట్టుకుని, పక్క సీట్లో బుద్ధిగా బాసింపట్టు వేసుకున్నాడు.